దొరగాడికి తోడు

కుక్కకు ఇంకో కుక్క తోడు కావాలా, అక్కర్లేదా అని మా అత్తా నేనూ ఒక ఎండాకాలమంతా పోట్లాడుకున్నాం. తిండి గురించి కాదు, బట్ట గురించి కాదు, కుక్క గురించి. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరమూ ఉన్నాం కాబట్టి ఎవరికీ ఆ పేరు దక్కలేదు.

అది పెద్ద ఎలక్షన్లు జరిగిన యేడు. గోడల మీద కాడెద్దుల బొమ్మలు ఇంకా మాసిపోలేదు. నాకు పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. మాది దూదేకుల కుటుంబం, బెళుగుప్ప పక్కన చిన్న ఊరు. వేరుశనగ పంట ఇళ్లకు చేరి పొలాలు బోసిపోయాక మా మగవాళ్లు దూదేకే విల్లులు భుజాన వేసుకుని బళ్లారికి పోయేవాళ్లు. పెళ్లిళ్ల కాలంలో అక్కడ పరుపులకు గిరాకీ ఎక్కువ. మళ్లీ పీర్ల పండక్కే ఇంటి ముఖం చూసేది. ఆడవాళ్లు వెంట పోయే ఆచారం లేదు.

ఆ యేడు నా భర్త జమాల్ బాషా బయల్దేరేటప్పుడు నేను అడిగేశాను.

"నన్ను గూడా పిల్చకపో. బళ్లారిలో మా పిన్ని మేరాజ్ బీ ఇంటెనక కొట్టిడి ఖాళీగానే ఉండాదంట."

"నువ్వొస్తే అమ్మకు తోడెవరు?" అన్నాడు ఆయన, చెప్పులకు నూనె రాసుకుంటూ. "నాయన పోయినంక అమ్మ ఒక్కతే అయిపోయిందనే కదా నేనింత బిరీన పెండ్లి చేసుకునింది."

మనిషి చెడ్డవాడు కాదు. నిజం చెప్పేవాడు, అదే చిక్కు. పెళ్లిచూపుల్లో నన్ను చూసి తలొంచుకుని నవ్విన నవ్వంతా నా కోసమే అనుకున్నాను ఇన్నాళ్లూ. తోడు దొరికిందని నవ్వాడన్నమాట. ఆయన వెళ్లిపోయిన రోజు నేను అన్నం తినలేదు. మా అత్త మాబీ కారణం అడగలేదు, తినమని బతిమాలనూ లేదు. నా వంతు సంగటి ముద్ద తీసుకెళ్లి దొరగాడికి పెట్టేసింది.

దొరగాడంటే మా కుక్క. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మూతి. మా మామ బతికున్నప్పుడు రాయదుర్గం దారిలో కళ్లు తెరవని కూన ఒకటి దొరికితే దూది మూటలో పెట్టుకుని తెచ్చాడు. ఆ యేడే ఆయన పోయాడు. మా అత్త మేకపాలలో దూది వత్తి ముంచి దాని నోట్లో పిండి బతికించింది. పెరిగి పెద్దదయ్యాక అది ఏ పనీ చేయకుండా వాకిట్లో కాలు మీద కాలేసుకుని పడుకునేది. అందుకని దొర అని పేరు పెట్టారు.

మా ఇళ్లలో కుక్క గడప దాటి లోపలికి రాకూడదు. దాని నోరు తగిలిన గిన్నె పక్కన పెట్టేయాలి. అది ఒళ్లు తాకితే కడుక్కోకుండా నమాజుకు కూర్చోకూడదని మా అత్త పట్టింపు. అందుకని ఆమె దొరగాడిని ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు. పాతకాలపు విల్లు విరిగిన ముక్క ఒకటి గడప పక్కన పెట్టుకునేది. సాయంత్రం నమాజు అయిపోగానే గడప లోపల ఆమె, గడప బయట వాడు. ఆ కర్రతో వాడి వీపు గోకుతూ ఆ పొద్దు జరిగినవన్నీ చెప్పేది. నాతో చెప్పని మాటలు కూడా వాడికి చెప్పేది. వాడు చెవులు రిక్కించి వినేవాడు, మధ్యమధ్య నిట్టూర్చేవాడు కూడా. లోపల పొయ్యి దగ్గర కూర్చుని నేను కుళ్లుకునేదాన్ని. కోడలు కుక్కను చూసి కుళ్లుకోవడమేమిటని మీరు నవ్వచ్చు. పక్కన మనిషి లేకపోతే తెలుస్తుంది.

దొరగాడికి ఒకటే లోపం. వాడికి కుక్కలంటే భయం. వీధి కుక్కలు మా వాకిలి వైపు వస్తే చాలు, తోక కాళ్ల సందున పెట్టి కట్టెల మోపు వెనక దాక్కునేవాడు. అవి పోయాక, తనకేమీ తెలియనట్టు వచ్చి మళ్లీ కాలు మీద కాలేసుకునేవాడు.

"అత్తా, వీడు కుక్క కాదు, ముసలి సాయిబు" అన్నాను ఒక సాయంత్రం. "వీనికి ఇంకో కుక్కను తెస్తే ఏమి? పాపం, ఒక్కడే ఉండాడు."

"ఒక్కడేంది, మనం లేమా?"

"మనం మనుషులం. వానికి వాని జాతిది ఒకటుండల్ల గదా."

"కుక్కకు కుక్క ఏంటికి మే? మనిషుంటే చాలు. జంట దొరికిందంటే అవి ఇంక మన మొకం గూడా చూడవు. ఒంటిదైతేనే ఇల్లు కనిపెట్టుకోనుంటాది."

"ఒంటిగా పెట్టి ఇల్లు కనిపెట్టుకోమంటే అది ఉండడం కాదత్తా, కట్టేసినట్లు."

ఆమె కర్ర ఆపి నా వైపు చూసింది. నేను కేవలం దొరగాడి గురించే మాట్లాడానని చెప్పను. నా దిగులంతా వాడి పేరు మీద బయటికి వచ్చేది. అది ఆమెకూ తెలిసే ఉంటుంది.

"నాకు తోడు కావాలని నేనెవుర్నీ అడగలేదు" అన్నది, వాడి వీపు గోకడం మళ్లీ మొదలుపెడుతూ. ఆ మాట వాడితో అన్నదో నాతో అన్నదో తెలియలేదు.

మా పక్కింటి ఓబులమ్మ మాత్రం నా పక్షం. ఆమెకు ఇంటినిండా మనుషులు, కోళ్లు, మేకలు. ఒంటరిగా ఉన్నదేదైనా ఆమెకు జబ్బుతో ఉన్నట్టే కనిపించేది. ఒకనాడు బావి దగ్గర నా బాధంతా ఆమె ముందు వెళ్లబోసుకున్నాను. ఈయన నన్ను పెళ్లి చేసుకున్నది వాళ్లమ్మకు తోడు కోసమేనని కూడా చెప్పేశాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, "మా కుక్క ఈనింది లేమ్మా, ఒక పిల్లను తీస్కపో. నీకు గూడా పొద్దు పోతాది" అన్నది.

ఆ మధ్యాహ్నమే ఒక నల్ల కూనను కొంగులో దాచి తెచ్చాను. అత్త పడసాలలో కునుకు తీస్తోంది. చెప్పకుండా తెచ్చాను కాబట్టి సాయంత్రం ఆమె మనసు బాగున్నప్పుడు చూపిద్దామనుకున్నాను. అంతదాకా ఎక్కడ దాచాలి? కూన వణుకుతోంది. మెత్తగా, వెచ్చగా ఉండే చోటు కావాలి. దూదేకులవాళ్ల ఇంట్లో అలాంటి చోటుకేం కరువు? లోపలి గదిలో ఏకిన దూది నడుమెత్తు పోగు పోసి ఉంది. దాంట్లో ఒక గుంట చేసి కూనను పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేశాను. ఇంకే ఇంటి కోడలైనా గంపలోనో గోనె సంచిలోనో పెట్టేది. నాకు ఆ తెలివి రాలేదు.

అది పెళ్లి దూది. రెడ్లింటి రామసుబ్బమ్మ కూతురి పెళ్లికి రెండు పరుపులు చేయాలి. మగవాళ్లు పోయేముందే ఏకి పెట్టారు, గలేబులు కుట్టి నింపడం మా పని.

నేను నీళ్లకు పోయి వచ్చేసరికి కూన దాంట్లో చేయాల్సిన పనులన్నీ చేసేసింది. మూత్రం పోసింది, ఈదింది, నోటితో కరిచి పట్టుకుని గది దాటి వాకిట్లోకి లాక్కొచ్చింది. వాకిలంతా దూది. కట్టెల మోపు మీద, తులసికోట కట్టిన ఓబులమ్మ వాళ్ల ప్రహరీ మీద కూడా దూది. దాని మధ్య మా అత్త నిలబడి ఉంది. దొరగాడు గడప ఎక్కి, లోపలికి పోకూడదు కాబట్టి పోలేక, గోడకు అతుక్కుని అరుస్తున్నాడు. అరచేతిలో పట్టే కూనను చూసి భయంతో అరుస్తున్నాడు.

అత్త నన్ను తిట్టలేదు. "చూస్తివా? వానికి కుక్కంటే ఏందో తెలీదు" అన్నది.

నాకు కోపం నషాళానికంటింది. తప్పు చేసినప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. "తెలీకుండా పెంచింది ఎవరు?" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. కూనను చీపురు మీదికి ఎక్కించి ఓబులమ్మకు అప్పగించి వచ్చింది. తర్వాత చెడిపోయిన దూదినంతా గంపకెత్తి పెంటలో వేసింది. పెళ్లి పరుపులో కుక్క ముట్టిన దూది పెట్టడం ఆమె చేత కాదు. ఎవరికీ తెలియదు కదా అని నేను గొణిగితే, "పండుకునేవాళ్లకు తెలీదు, నాకు తెలుస్తాది" అన్నది.

తక్కువ పడిన దూది ఎక్కడిది? ఆమె అటక మీది నుంచి తన పరుపు దింపమంది. అది వెడల్పు పరుపు, మా మామ తమ పెళ్లికి తన చేత్తో చేసింది. ఆయన పోయినప్పటి నుంచి ఆమె చాప మీదే పడుకుంటోంది. కత్తెర తీసుకుని గలేబు అంచు చీల్చింది. లోపలి దూది గట్టిపడి ముద్దలు కట్టి ఉంది.

"అత్తా, ఇది వద్దు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"ఏంటికి దాచిపెట్టాల? దీని మింద పండుకునేటోడు లేడు" అన్నది. గోడకు తగిలించిన మా మామ విల్లు దింపింది. మాలో ఆడవాళ్లు విల్లు పట్టరు. ఆమె తలుపు వేసి, చీర కొంగు నోటికీ ముక్కుకీ చుట్టుకుని, విల్లు పైకప్పు తాడుకు వేలాడదీసి, చెక్కగుండుతో నరంతాడు మీద కొట్టింది. మొదట నాలుగు దెబ్బలు తడబడ్డాయి. ఆ తర్వాత టంయ్ టంయ్‌మని ఇల్లంతా మోగింది. గది నిండా తెల్లటి నూగు లేచింది. ముద్దలు కట్టిన దూది ఆమె ముందు విచ్చుకుంటూ లేస్తోంది.

"యాడ నేర్చుకున్యావత్తా?"

"మీ మామకు నడుం పట్టుకున్నప్పుడు. ఆయప్ప పేరు చెప్పి నేనే ఏకి ఇచ్చేదాన్ని."

బయట దొరగాడు గడప మీద గడ్డం ఆనించి ఆ మోత వింటున్నాడు. మగవాళ్లు పోయాక ఇంట్లో విల్లు మోగడం అదే మొదలు. తోక నేలకేసి కొడుతూనే ఉన్నాడు. రామసుబ్బమ్మ కూతురి పెళ్లి పరుపులు చెప్పిన రోజుకే ఇచ్చేశాం. ఆ పని జరిగిన నాలుగు రోజులూ అత్తా నేనూ పోట్లాడుకోలేదు, అంతకుముందుకంటే ఎక్కువగా మాట్లాడుకున్నాం.

కుక్క సంగతి మాత్రం ఆమే గెలిచింది. దొరగాడికి తోడు అక్కర్లేదని తేలిపోయింది కదా అని ఆమె అనలేదు కానీ, వాడి వీపు గోకేటప్పుడు నా వైపు చూసే చూపులో ఆ మాట ఉండేది. నేను కూడా ఇక ఎత్తలేదు. బళ్లారి మాట కూడా ఎత్తలేదు.

ఎండలు ముదిరాక కుందుర్పి దిక్కు నుంచి గొర్రెల మంద వచ్చింది. మా ఇల్లు ఊరి చివర. మా పెరటి ముళ్లకంప దాటితే రామసుబ్బమ్మ వాళ్ల మెట్టచేను. వానలకు ముందు చేనుకు ఎరువు పడాలని రైతులు గొర్రెల కాపరులను పిలిచి, రాత్రుళ్లు మందను చేలో పడుకోబెట్టించుకుంటారు. ఆ యేడు వచ్చిన కాపరి అంజినప్ప. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా, మాట నిదానం. అతని వెంట చుక్కి అని ఒక ఆడకుక్క ఉండేది. బూడిదరంగు ఒళ్లు, మూడొంతులు తెగిపోయిన చెవి. తోడేలు పట్టుకుంటే విడిపించుకుందట.

మంద దిగిన సాయంత్రం దొరగాడు కట్టెల మోపు వెనక చేరాడు. చుక్కి కంప దాకా వచ్చింది. అరవలేదు, లోపలికి రాలేదు. కంపకు అవతల కూర్చుని వీడు దాక్కున్న వైపే చూస్తూ ఉంది. చాలాసేపు చూసి లేచి మంద దగ్గరికి పోయింది. మరుసటి రోజు మళ్లీ వచ్చింది. ఇలా వచ్చి కూర్చోవడం, లేచి పోవడం. అంత ఓపిక నాకు ఉంటే మా ఆయన్ను నేనే ఒప్పించి ఉండేదాన్ని.

వీడు మోపు వెనక నుంచి ముందు మూతి బయట పెట్టాడు. తర్వాత ముందుకాళ్లు. ఒక సాయంత్రం నేను గిన్నెలు తోముతూ తలెత్తి చూసేసరికి దొరగాడు కంప దగ్గరున్నాడు. ఇటు వాడు, అటు అది, మధ్యలో ముళ్లు. ముక్కులు ఆనించుకుని నిలబడ్డాయి. వాడి కాళ్లు వణుకుతున్నాయి, కానీ పారిపోలేదు.

ఆ తర్వాత చూడాలి వాడి వేషాలు. అంత వయసు వచ్చిన కుక్క కూనలా పొర్లింది. కంప కింద సందు చేసుకుని అవతలికి దూరి, చుక్కి చుట్టూ గిరగిరా తిరిగి, కాళ్లు తట్టుకుని పడి, లేచి మళ్లీ తిరిగేవాడు. పరుగెత్తడం కూడా సరిగ్గా రాదు వాడికి. చుక్కి పెద్దమ్మలా నిలబడి మూతితో వాడి మెడ తోసేది.

అత్త నమాజు చాప మీద నుంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చేతిలో జపమాల పూసలు కదలడం మానేశాయి.

"వాడు నవ్వుతాండాడు మే" అన్నది.

నేను గెలిచానని అనాల్సింది. అనబుద్ధి కాలేదు. ఆమె గొంతులో సంతోషం ఉంది, దాని వెనకే భయం కూడా ఉంది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు గడప అవతల చోటు ఖాళీ. మొదట్లో దొరగాడు సంగటి వేళకు వచ్చి తినేసి, అత్త రెండు మాటలు చెప్పేదాకా ఆగి, చెవులు చేను వైపు తిప్పి, పోయేవాడు. తర్వాత మాటలకు ఆగలేదు. తర్వాత తిండికీ రాలేదు. అత్త కర్ర పట్టుకుని కాసేపు కూర్చుని లోపలికి వచ్చేసేది. నాతో ఏదో చెప్పబోయి, "ఉప్పు ఉండాదా?" అని అడిగేది. ఉప్పు కుండ నిండా ఉండేది.

మంద ఊరు విడిచే రోజు దగ్గరపడుతోందని తెలియగానే ఆమె దొరగాడిని సంగటి ఆశ చూపి పిలిచి, చెయ్యి తగలకుండా కర్రతో తాడు ఉచ్చు వాడి మెడలో వేసి, పెరట్లో గుంజకు కట్టేసింది. వాడు పుట్టి బుద్ధెరిగాక మెడకు తాడు పడడం అదే మొదలు. గుంజుకోలేదు, అరవలేదు. చేను వైపు తిరిగి కూర్చున్నాడు. సంగటి ముట్టుకోలేదు. ఈగలు ముసిరితే తల కూడా విదిలించలేదు. చుక్కి కంప దాకా వచ్చి చూసి పోయేది.

"ఇప్పేయత్తా" అన్నాను.

"సుమ్మనుండు" అన్నది.

మరునాటి మాపటేళ అంజినప్ప మా వాకిట్లోకి వచ్చి, గడపకు దూరంగా గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, రేపు పొద్దున మంద కదుల్తాది. కుందుర్పి దిక్కు పోతాండాం. నీ కుక్కను నేనేం తిండి పెట్టి మరిగించుకోలేదు, ఆ మాట చెప్పి పోదామని వస్తి."

"నాకు తెలుసులేప్పా" అన్నది అత్త. "నువ్వు చెప్పు. కుక్కకు ఇంకో కుక్క కావాల్నా?" అని అడిగింది. ఎండాకాలమంతా నాతో వాదించిన మాట ఆమె మరొకరిని అడగడం అదే మొదటిసారి.

అంజినప్ప వక్క నమిలి ఊశాడు. "కుక్క సంగతి నాకేం తెలుసు పెద్దమ్మా. గొర్రె సంగతి చెప్తా. ఒంటి గొర్రెను ఎంత పచ్చిగడ్డిలో ఇడ్సినా సరిగా మెయ్యదు. గడ్డి మింద నోరు పెట్టేది, తలెత్తి చూసేది. అదే గొర్రె మందలో ఉంటే తల దించి కడుపునిండా మేస్తాది. గడ్డి అదే." లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "ఇడిస్తే నా బిడ్డ మాదిరి చూసుకుంటా. లేదంటే లేదు. నీ ఇష్టం."

పొద్దున నేను నీళ్లు తెచ్చి కడవ దించేటప్పటికి అవతల మంద లేస్తోంది. దుమ్ము, అరుపులు. అత్త పెరట్లోకి వచ్చింది. నా వైపు చూడకుండా, "చేదతాడు తెగిపోయిందంట. ఈ తాడు బాయికి కావాల" అన్నది.

చేదతాడు తెగలేదు. ఇప్పుడే నేను దాంతో నీళ్లు చేది తెచ్చాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కడవలోంచి నీళ్లింకా కారుతున్నాయి.

"అవునత్తా, తెగింది" అన్నాను.

ఆమె దొరగాడి పక్కన కూర్చుంది. ముడి బిగుసుకుపోయి ఉంది, గోళ్లతో లాగి లాగి విప్పింది. తాడు మెడలోంచి తీశాక చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అరచెయ్యి వాడి తల మీద పెట్టింది. కర్ర కాదు, చెయ్యి. చెవుల వెనక, మెడ కింద తాడు ఒరిసిన చోట నిమిరింది. వాడు ఆ అరచేతిని నాకాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసినట్టు నాకాడు.

"పోరా" అన్నది.

వాడు పోయాడు. కంప కింద దూరి, చుక్కి పక్కన చేరి, దుమ్ములో కలిసిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడా అని తర్వాత ఓబులమ్మ అడిగింది. చూడలేదు. చూసి ఉంటే మా అత్త పిలిచేసేది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆమె ఆ చేతిని చాలాసేపు కడుక్కోలేదు. నమాజు వేళకు బావి దగ్గరికి పోయి, మన్నుతో రుద్ది కడుక్కుంది. ఆ పూట ఆమె నమాజు మీద నుంచి లేవడానికి ఎక్కువసేపు పట్టింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఇంట్లో ఒక కుక్క తగ్గితే ఇంత నిశ్శబ్దం వస్తుందా అనిపించింది. సాయంత్రం నేను ధైర్యం చేసి గడప దగ్గర, వాడు కూర్చునే చోట కూర్చున్నాను. ఆమె ఊళ్లో సంగతులు ఒకటొకటిగా నాతో చెప్పడం మొదలుపెట్టింది. నేను నిట్టూర్చకుండా విన్నాను. నాకు బాగుంది, నిజం చెప్తున్నాను. బాగున్నా, లారీ మోత వినిపిస్తే చాలు, అది బళ్లారి వైపు పోయేదేమో అని తల రోడ్డు వైపు తిరిగేది.

అట్లా తల తిప్పినప్పుడు ఒకసారి ఆమె పట్టేసింది.

"నువ్వు గూడా తలెత్తి తలెత్తి చూస్తాండావు" అన్నది. "బళ్లారికి పోతావా?"

నేను చూపు రోడ్డు మీది నుంచి దించి, కొంగు సర్దుకున్నాను.

"వాడు నిన్ను నా తోడుకని చేసుకున్యాడని ఓబులమ్మతో చెప్పినావంట గదా."

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. "ఊరికే అన్యాలే అత్తా."

"ఊరికే కాదు, నిజమే అది. కానీ వాన్ని నేనడగలేదు మే. తోడు కావాలంటే నోరు తెరిచి అడగనా? ఒకరిని తెచ్చి నా గుంజకు కట్టమంటానా?" ఆమె నా వైపు తిరిగింది. "పో. శుక్రవారం బస్సుంది. పొద్దున ఎక్కితే రాయదుర్గంలో ఇంకో బస్సు దొరుకుతాది. వాడేమన్నా అంటే అమ్మే తోలిందని చెప్పు."

ఎండాకాలమంతా నేను కోరుకున్నది అదే. గురువారం రాత్రి ట్రంకుపెట్టె సర్దుకుంటుంటే మాత్రం చీరలు ఎన్నిసార్లు మడిచినా మడత కుదరలేదు. ఆమె జొన్నరొట్టెలు కాల్చింది, చెనక్కాయ పొడి దంచి గుడ్డలో మూట కట్టింది. కొడుకుకు ఇష్టమని కొంచెం, నాకు ఇష్టమని ఇంకొంచెం, వేరువేరు మూటలు.

బస్సు ఆగేది రోడ్డు మీద. ఓబులమ్మ కూడా సాగనంపడానికి వచ్చింది. క్లీనరు నా పెట్టె పైకి ఎక్కించాడు. నేను మెట్టు ఎక్కి వెనక్కి తిరిగి చూశాను.

చూడకుండా ఉండాల్సింది. మా అత్త రోడ్డు పక్కన, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె చుట్టూ ఎండ తప్ప ఏమీ లేదు. ఇంటికి పోయి తలుపు తీస్తే ఎవరూ లేరు, సాయంత్రం గడప దగ్గర కూర్చుంటే ఎవరూ లేరు. నాకు ఈమె కావాలి, ఈమెను వదిలి నేను పోలేను అనిపించింది. ఆయన కూడా కావాలి. రెండూ కావాలనుకోవడం తప్పేమిటి?

నేను మెట్టు దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఎక్కత్తా."

"యాడికి?"

"బళ్లారికి."

"నీకేమన్నా పిచ్చా? ఇల్లు?"

"ఇల్లు యాడికీ పోదు."

"కట్టుకోను కోకన్నా లేదు."

"నావి ఉండాయి. ఎక్కు."

డ్రైవరు హారను కొట్టాడు. లోపల నుంచి ఎవరో, "ఏమమ్మా, ఎక్కుతారా దిగుతారా?" అని విసుక్కున్నారు. మా అత్త ఊరి వైపు చూసింది, బస్సు వైపు చూసింది. పుట్టి పెరిగాక ఆమె రాయదుర్గం దాటి ఎరగదు. ఓబులమ్మ ముందుకొచ్చి చెయ్యి చాపి, "తాళంచెవి ఈడ పడెయ్ మాబక్కా. కోళ్లను నేను చూసుకుంటా" అన్నది. అత్త మొలలోంచి తాళంచెవి తీసి ఇచ్చేసింది. ఇంత తొందరగా ఇస్తుందని నేను అనుకోలేదు.

ఇద్దరం కిటికీ పక్కన కూర్చున్నాం. బస్సు కదిలాక ఆమె ముందు సీటు కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఊరు కనిపించకుండా పోయేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"బళ్లారిలో వాడు అడుగుతాడు, నువ్వేంటికి వస్తివమ్మా అని."

"అడుగుతాడు."

"నీకు తోడొచ్చినానని చెప్తా. పిల్ల ఒక్కతే అంత దూరం యాడ పోతాది, అందుకే వస్తినని చెప్తా. నువ్వు కాదనొద్దు."

"అననత్తా" అన్నాను.

బళ్లారిలో ఆయన అడిగాడు, ఆమె ఆ మాటే చెప్పింది. నేను కాదనలేదు. అందులో అబద్ధమేమీ లేదు కూడా.